గట్టయ్య చేనులో గాలి కొలత

ఆ రోజు పొద్దున్నే చేనుకు వెళ్లి పత్తిలో కలుపు తీయాలని గట్టయ్య అనుకున్నాడు. గోదావరిఖని బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాక, ఊరి గుట్ట మీద కొనుక్కున్న ఆ రెండెకరాలే అతనికి ఆధారం. అది పోతే ఈ వయసులో ఎవరి చేనులోనో కూలికి పోవాలి.

వెళ్లేసరికి పక్కనున్న బీడులో పొడవాటి ఇనుప స్తంభం లేచి ఉంది. దాని కొసన చిన్న గిన్నెలు గిరగిరా తిరుగుతున్నాయి. కింద ఒక కుర్ర ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. పేరు శాంతిరాజ్.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"గాలి కొలుస్తున్న కాకా."

గట్టయ్యకు బొగ్గుబాయి గుర్తొచ్చింది. బాయిలో గాలి సరిగ్గా ఆడుతోందో లేదో ఎప్పటికప్పుడు కొలుస్తారు. గాలి కొలవడమంటే అతనికి తెలిసింది అదొక్కటే. కలుపు సంగతి మరిచి ఇంటికి తిరిగొచ్చాడు.

"మన చేను కింద బాయి పడ్తదే," అన్నాడు భార్య సారలమ్మతో.

"గాలి కొలిస్తే బాయి ఎట్ల పడ్తది?"

"మరి బయటి గాలిని ఎవడన్న కొలుస్తడా? అది కొల్వకున్నా వస్తది."

సారలమ్మకు ఆ మాట నిజమే అనిపించింది.

బాయి కోసం ఖాళీ భూమిని తేలిగ్గా తీసుకుంటారనీ, ఇళ్లుంటే ఆఫీసర్లు జంకుతారనీ ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. కొద్ది రోజుల్లోనే గట్టయ్య చేనులో కిటికీ కూడా లేని ఇటుకల గది లేచింది. పక్క చేను పోశం వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంది బావా, సారలక్క ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిందా?"

"బాయి వస్తున్నది రా. నీది ఖాళీగ ఉంటే నీ దిక్కుకెళ్లే తవ్వుతరు."

పోశం రెండు గదులు కట్టాడు. అతన్ని చూసి అవతలివాళ్లూ కట్టారు. గది కట్టే స్తోమత లేని ఆగయ్య నాలుగు రాళ్లకు పసుపు పూసి పోచమ్మను నిలబెట్టాడు. దసరా నాటికి గుట్ట మీద కోళ్లు, బట్టలారేసిన దండేలు, ఒక చాయ్ హోటలు వెలిశాయి. అప్పుడప్పుడు వచ్చే శాంతిరాజ్, ఊరు పెరుగుతోందనుకుని చాయ్ తాగి పోయేవాడు.

మరుసటి ఎండాకాలం లారీ వచ్చింది. స్తంభం విప్పుతుంటే అందరూ చేరారు.

"ఏం బిడ్డా, బాయి వద్దనుకున్నరా?" అన్నాడు గట్టయ్య, నవ్వు ఆపుకుంటూ.

"బాయేంది కాకా? మాది గాలిమరల కంపెనీ. గాలికి పెద్ద రెక్కలు తిరిగి కరెంటు పుడ్తది."

"బొగ్గు లేకుండనా?"

"బొగ్గు లేదు, పొగ లేదు. బొగ్గు ఒక్కపారి కాలితే అయిపాయె. గాలి రేపు మళ్ల వస్తది. ఈ గుట్ట మీద మస్తు గాలి ఉన్నది."

"మరెందుకు విప్పుతున్నవ్?"

"ఇండ్లకు గింత దగ్గరల గాలిమరలు పెట్టనియ్యరు కాకా. ఖాళీ చేన్లని వచ్చినం. మూలకు ఒకటి నిలబెట్టి ఏటేటా కిరాయి ఇచ్చెటోళ్లం. మిగిలిన చేను మీరే దున్నుకుందురు."

లారీ గుట్ట దిగిపోయాక పోశం మెల్లగా అన్నాడు.

"బావా, గాలి ఎందుకు కొలుస్తున్నవని ఇంకొక్క మాట అడుగకపోతివి."

గట్టయ్య తన గదిలోకి వెళ్లి, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

మరునాడు సారలమ్మ మేస్త్రీని పిలిపించి, కాస్త గాలి వస్తుందని ఆ గదికి కిటికీ కొట్టించింది.