లోపంలో ఫస్టు ర్యాంకు

అనకాపల్లిలో చదవడం రాని పిల్లలు లేరని బెల్లం వర్తకుల సేవా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అలాంటి పిల్లల మీద పరిశోధనకి నిధులివ్వాలని కూడా అదే మీటింగులో, అంతే ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని అనుకునేవాళ్లు మా ఊరి మీటింగులు చూడలేదన్నమాట.

నిధుల ఆలోచన బంగార్రాజుది. ఆయన బెల్లం కమిషన్ వ్యాపారి. దిమ్మ రంగు చూసి రకం చెప్పగలడు. మందు కొట్టి తెల్లగా మెరిపించిన దిమ్మకి ఎవరు ఎగబడతారో, నల్లటి అసలు దిమ్మ ఏ మూల పడి ఉంటుందో కూడా చెప్పగలడు. ఐదో క్లాసు చదివే కూతురు ఉషశ్రీని చూసి మాత్రం ఏమీ చెప్పలేకపోయాడు. కథ ఒకసారి వింటే పొల్లు పోకుండా తిరిగి చెబుతుంది. పుస్తకం తెరిస్తే అక్షరాలు కుదురుగా కూర్చోవట్లేదంటుంది. తాయెత్తు కట్టారు, లేహ్యం తినిపించారు, ట్యూషన్ మాస్టార్లని మార్చారు. అక్షరాలు కూర్చోలేదు.

ఇలాంటి పిల్లలకి వేరే పద్ధతిలో నేర్పితే వస్తుందని ఎక్కడో విన్నాడు. కూతురి పేరు బయటికి రాకుండా ఊరి పేరు మీద ఒక కేంద్రం పెట్టిస్తే ఆ గుంపులో తన పనీ అయిపోతుంది. మీటింగులో మాత్రం ఇంకోలా చెప్పాడు.

"కంటాసుపత్రులు అందరూ కట్టేత్తన్నారు బావా. ఇలాటిది సోడవరం వోళ్లకి కూడా లేదు."

పక్కూరు చోడవరానికి లేనిదన్నాక చర్చ అవసరం లేకపోయింది.

కేంద్రం వెలిసింది. దాతల పేర్లన్నీ చెక్కేసరికి పాలరాయి చాలక, కేంద్రం దేనికో చెప్పే వాక్యం తీసేశారు. పరిశోధనకి ఇల్మా అనే అమ్మాయిని పెట్టారు. మెయిన్ రోడ్డులో చెప్పుల షాపాయన కూతురే, విశాఖలో సైకాలజీ చదివొచ్చింది. పిల్లలెవరూ రాకపోయేసరికి తనే ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ మంచి కాఫీ ఇచ్చారు, పక్కింటి పిల్లల పేర్లు ఇచ్చారు. బంగార్రాజు భార్య సత్యలక్ష్మి టిఫిన్ కూడా పెట్టింది. పెట్టేముందు ఉషశ్రీని మేడ మీదికి తరిమింది.

ముందు ఎవరో ఒకళ్లు పంపితే ఆ వెనకే మనమూ పంపుదామని మొగుడూ పెళ్లాలు అనుకున్నారు. ఊరంతా అదే అనుకుంది.

ఇలా ఉండగా సంఘం కార్యదర్శి రామ్‌గోపాల్‌కి ఒక సంగతి తెలిసింది. ఈ లోపం ఉన్నట్టు కాగితం ఉంటే పరీక్షలో టైము ఎక్కువిస్తారట. ఆయన కొడుకు లోహిత్ క్లాసు ఫస్టు. ఫస్టొచ్చేవాడికే ఇంకాస్త టైమిస్తే ఇంకేముంది? మర్నాటికి కేంద్రం ముందు స్కూటర్లు ఆపడానికి చోటు లేదు. మా ఇంటా వంటా లేదన్నవాళ్లే, మా ముత్తాత కాలం నుంచీ ఉందమ్మా అని ఇల్మాని బతిమాలారు.

కాగితం కావాలంటే కేంద్రంలో చేరాలి; అక్కడున్న ఒక్క స్పెషల్ టీచరు దగ్గర సీట్లు కొద్దివే. అందుకని సంఘం ఎంట్రన్సు పెట్టింది. ఎవరికి ఎక్కువ తప్పులొస్తే వారికి పై ర్యాంకు. ఇది పద్ధతి కాదని ఇల్మా మొత్తుకుంది గానీ, దాతలకి ఇవ్వడమే తప్ప వినడం అలవాటు లేదు.

ఎంట్రన్సు అన్నాక కోచింగు ఉండాలి కదా. ఊళ్లో ట్యూషన్లు చెప్పే త్రినాథ్ మాస్టారు క్రాష్ కోర్సు తెరిచాడు. ఏ మాట దగ్గర తడబడాలో, ఎప్పుడు తల గోక్కోవాలో మెటీరియల్ అచ్చు వేయించాడు. తల్లులు పిల్లల్ని కోడికూతకే లేపి ఎక్కాలు మరిచిపోవడం బట్టీ పట్టించారు. ఏడెనిమిదులు ఎంతంటే యాభై నాలుగన్న లోహిత్‌కి ఇంట్లో హార్లిక్సు కలిపిచ్చారు.

బంగార్రాజు మనసు తేలికపడింది. ఊరంతటికీ ఉన్నదానికి సిగ్గెందుకు? పైగా తన కూతురికి కోచింగు ఖర్చు కూడా లేదు.

పరీక్షనాడు ఉషశ్రీ ఎదురుగా నాన్నని చూసింది. ఆయన పరువు నిలబెట్టాలనుకుంది. అక్షరం మీద వేలు పెట్టి, చెమటలు కక్కుతూ, ఒక్కో మాటా లాక్కొచ్చింది. పేజీలో సగం తప్పుల్లేకుండా చదివేసింది.

"బాగా సదివేనా నాన్నా?" అంది బయటికొచ్చి.

"బాగానే సదివేవమ్మా," అన్నాడు బంగార్రాజు. "కొంప మునిగింది అక్కడే."

జాబితాలో ఆమె పేరు రాలేదు. లోహిత్‌కి ఫస్టు ర్యాంకు. దండలతో ఫ్లెక్సీ లేచింది. సన్మాన సభలో రామ్‌గోపాల్, చదవలేకపోవడంలో సైతం మన బిడ్డలే అగ్రస్థానంలో నిలవడం ఈ గడ్డకు గర్వకారణమని, ఈ విజయం వెనుక తల్లిదండ్రుల అహోరాత్ర కృషి దాగి ఉందని సెలవిచ్చారు. లోహిత్ రెండు పేజీల కృతజ్ఞతా ప్రసంగాన్ని కాగితం చూసి ఒక్క తప్పు లేకుండా చదివాడు. చప్పట్లు మోగాయి.

ఇల్మా చప్పట్లు కొట్టకుండా నేరుగా బంగార్రాజు కొట్టుకి వెళ్లింది.

"అంకుల్, ర్యాంకులొచ్చినోళ్లంతా ఒకే చోట ఒకే తప్పు చేసేరు. ఆళ్లకి ఏటీ లేదు. నిజంగా ఇబ్బందున్నది మీ పాపకే. సాయంత్రాలు పంపండి, నేనే నేర్పుతాను. సంవత్సరం తిరిగేసరికి చదువుతాది."

బంగార్రాజు లెక్క వేసుకున్నాడు. అందరికీ ఉంటే అది సౌకర్యం. తన కూతురొక్కదానికే ఉంటే? కొట్టు ముందు వరసలో దిమ్మలు మెరుస్తున్నాయి.

"అసలు సరుక్కి మా మార్కెట్లో ఎప్పుడు రేటొచ్చిందమ్మా?" అన్నాడు చివరికి.

ఆ సాయంత్రమే ఉషశ్రీని త్రినాథ్ మాస్టారి దగ్గర వచ్చే ఏటి ఎంట్రన్సు బ్యాచిలో చేర్పించాడు. కొన్నాళ్లకి మాస్టారు కబురంపితే వెళ్లాడు.

"కష్టపడతంది గానీ బావగారూ, నటన సహజంగా లేదు," అన్నాడు మాస్టారు. "నిజంగా సదవలేని పిల్లలు ఇలాగుండరు. మన లోహిత్‌ని సూసి నేర్సుకోమనండి."

ఇప్పుడు ఉషశ్రీ రోజూ సాయంత్రం కేంద్రం మెట్ల ముందు నుంచే నడిచి లోహిత్ వాళ్లింటికి వెళ్తోంది, చదవలేకపోవడం నేర్చుకోడానికి.

ఇది చదివి నవ్వుకున్న తల్లిదండ్రులు త్రినాథ్ మాస్టారి ఫోన్ నంబరు కోసం మమ్మల్ని అడగవద్దని మనవి. ఫ్లెక్సీ మీద ఉంది.