ఎంగిలి పడని గర్జన

ఉక్కుపట్టాలు ప్రాతఃకాలసూర్యకిరణములచే సానపట్టిన కత్తులవలె మెరయుచుండగా, సిమెంటు బల్లలు రాత్రి చలిని ఇంకను విడువకుండగా, ఊడ్చువాని చీపురు ప్లాట్‌ఫారము పొడుగునా చరచర సాగుచుండగా, మైకులోని ఆడుగొంతు ఏ బండి ఎంత ఆలస్యమో తనకేమీ పట్టనట్లు చెప్పుచుండగా, ఆ స్టేషను చిట్టచివర, పైకప్పు ముగిసి ఎండ మొదలగు చోట, ఒక మహాసంగ్రామము జరిగెను. ఓ శబ్దదేవతా, ఈ కథ చెప్పు గొంతునకు బలమిమ్ము. వినువారికి దగ్గు రానీయకుము.

ఆ సంగ్రామమునకు నాయకుడొక దర్జీ. కత్తెరాయుధధరుడు, టేపుకంఠాభరణుడు, కాజానిర్మాణధురంధరుడు, ఏండ్ల తరబడి మిషను తొక్కి తొక్కి మోకాళ్లు అరిగినవాడు. లోకమున కొందరు పాటను ప్రేమింతురు, కొందరు పేకను ప్రేమింతురు. ఇతడు పాత డీజిలు ఇంజనును ప్రేమించెను. ఎందుకని అడిగినచో చెప్పలేడు. అడిగినవాని చొక్కా కొలత తీసికొని ఊరకుండును.

అది అట్టిట్టి ఇంజను కాదు. సహస్రాధికాశ్వబలసంపన్నము, చమురుపానమదోన్మత్తము, కృష్ణధూమకేశపాశము, ముక్కు మొండిది, మూపు ఎత్తుది, తుప్పును రంగుతో కప్పుకొన్న వృద్ధగజము. కదలక నిలిచియున్నప్పుడు కూడ గుడుగుడుమని నేలను వణికించి, బల్లమీది కప్పులోని టీకి ముడుతలు తెప్పించును. దాని ప్రేమికులు దానిని నంబరుతో పిలువరు. ఇంటిలోని ముసలివానిని పిలిచినట్లు ‘పెద్దాయన’ అందురు. ఆ పెద్దాయనకు ఆ దారిన ఆ దినమే ఆఖరు. మరునాటినుండి పైతీగల కరెంటు త్రాగు కొత్త ఇంజను వచ్చును. అది పొగ విడువదు, గర్జింపదు, ఫ్రిజ్జువలె మూలుగును.

ఆ ప్రేమికులకు ఒక కట్టుబాటు కలదు. వారమునకొకసారి గడియారముల కొట్టు వెనుకగదిలో చేరి, తలుపు మూసి, కన్నులు మూసి, తాము పట్టి తెచ్చిన ఇంజను చప్పుళ్లను విందురు. బండి బయలుదేరు కూత మొదలు తోకపెట్టె దాటిపోవువరకు చప్పుడు తెగరాదు. నడుమ మనిషి గొంతు వినబడరాదు. వినబడెనా, అది ఎంగిలి పడిన రికార్డు. దానిని ఎవరును రెండవసారి వినరు. మన దర్జీ ఇన్నాళ్లుగా పట్టినవన్నియు ఎంగిలివే. ఒకదానిలో ఎవడో తుమ్మెను. ఒకదానిలో ఒకావిడ పిల్లవాని వీపు చరచి వాని వంశమునంతయు తిట్టెను. అన్నిటికంటె మంచిదానిలో, పెద్దాయన పొగ చిమ్ము శుభసమయమున, దర్జీయే ‘అబ్బ’ అనెను.

ఆ గడియారముల కొట్టు యజమాని ఇతని వియ్యంకుడు, కొమార్తెకు మామ. కాలచక్రరక్షకుడు, భూతద్దనేత్రుడు, ఎంగిలి పడని రికార్డులు ఒక అలమారనిండ గలవాడు. క్రిందటి వారము దర్జీ రికార్డు విని, కన్నులు తెరచి, తాపీగా ఇట్లు పలికెను:

“బాగుంది బావగారూ. మధ్యమధ్యలో ఇంజను కూడా వినబడింది.”

గదియంతయు నవ్వెను. దర్జీ నవ్వలేదు. ఇంటికి వచ్చి కుట్టిన చేతినే మరల కుట్టి, చొక్కాకు మూడు చేతులు చేసెను.

కావున ఆ దినము పట్టవలసినదే. పట్టనిచో ఇక ఏనాటికిని లేదు.

విధి యెట్టిదనగా, అదే బండిలో దర్జీదంపతులు ప్రయాణము కావలసియుండెను. భార్య తమ్మునికి కంటికి ఆపరేషను జరిగెను. పోయి చూచి రావలెను. సంచి సర్దుచున్నప్పుడే ఆమె నిలదీసెను.

“మనం వెళ్లేది బండి ఎక్కడానికా, బండి వినడానికా?”

“రెండూ.”

“రెండూ ఎలా కుదురుతాయండీ?”

“నేను ఇంజను దగ్గర, ప్లాట్‌ఫారం చివర నిలబడతా. బండి కదిలాక పెట్టెలన్నీ నా ముందునుంచే కదా పోవాలి. మన పెట్టె రాగానే ఎక్కేస్తా.”

“మీ మోకాళ్లకి చెప్పారా ఈ సంగతి?”

అతని వ్యూహము అతనికి అభేద్యముగా తోచెను. రికార్డు తోకపెట్టె వరకు సాగవలెనని అతనికి తెలియును. తమ పెట్టె తోకపెట్టెకంటె ముందే వచ్చునని కూడ తెలియును. ఈ రెండు తెలివిడులు అతని బుర్రలో చెరొక గదిలో కాపురముండెను. ఒకదాని మొగము ఒకటి చూడలేదు.

భార్యను కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి, సంచి పైకెక్కించి, మంచినీళ్ల సీసా ఆమె ఒడిలో పెట్టి, ఆ వీరుడు ప్లాట్‌ఫారము చివరకు నడచెను. జేబులోని పాత సెల్లును ఖడ్గమువలె దూసి, అద్దము తుడిచి, పెద్దాయన ఎదుట నిలిచి, పెదవి కదలకుండ మనస్సులోనే ఇట్లు పలికెను:

“ఓ ఘోరఘోషా, ఓ కొండలవంటి పెట్టెలను ఈడ్చినవాడా, ఏ షెడ్డు చీకటిలో ఏ సుత్తికి నిన్నప్పగింతురో ఎరుగను. నీ గుడుగుడుకు నా మిషను చక్రము తాళము వేసెను. ఒక్కసారి, ఈ ఒక్కసారి, శుభ్రముగా గర్జింపుము. తుమ్ములను నేను చూచుకొందును.”

పెద్దాయన గుడుగుడుమనెను. క్యాబిను కిటికీలోనుండి డ్రైవరు ఆవులించెను.

అంతలో వియ్యంకుడు వచ్చెను. మూడుకాళ్ల స్తంభము, పిల్లితోకవంటి బొచ్చు తొడిగిన మైకు, రెండు చెవులను కప్పు డిప్పలు ధరించి, సర్వాయుధసన్నద్ధుడై దర్జీకి కాస్త వెనుకగా నిలిచి, మైకును తన గడ్డము ప్రక్కన బిగించెను.

“ఇవాళ ఊరెళ్తున్నామన్నారు కదా బావగారూ?”

“వెళ్తున్నాం.”

“మరి చెల్లెమ్మ?”

“ఎక్కింది.”

“టికెట్లు?”

“ఆవిడ దగ్గర.”

“మరి మీరు...”

ఆ క్షణమున సిగ్నలు పచ్చబడెను. పచ్చబడిన పిమ్మట మాటలాడరాదు, అది కట్టుబాటు. వియ్యంకుని ప్రశ్న నోటిలోనే నిలిచిపోయెను. దర్జీ వ్రేలు సెల్లుమీద పడెను.

అప్పుడు పెద్దాయన కూసెను. ఆ కూతకు పైకప్పు రేకులు జలదరించెను. పిమ్మట లోపలెక్కడనో, ఇనుప పొట్ట అడుగున, నిద్రలేచిన సింహము ఒళ్లు విరిచినట్లు ఒక గురగుర పుట్టి, అది గొంతుకు ఎక్కి, ఊపిరి చాలక క్షణకాలము తడబడి, ఆ తడబాటునందే సమస్తబలమును కూడదీసికొని, కాటుకకొండ పగిలినట్లు నల్లని పొగను ఆకాశమునకు చిమ్మి, కొక్కెము కొక్కెమును లాగగా పెట్టె పెట్టెకు ఢాంఢామ్మని వార్త పోవుచుండగా, కదలదనుకొన్న ఆ లోహపర్వతము, అంగుళము, మరి అంగుళము, కదలెను. ఎవ్వరును తుమ్మలేదు. ఎవ్వరును పిలువలేదు. దర్జీ కన్నులు మూసికొనెను. ‘అబ్బ’ వచ్చెను, పండ్ల నడుమ దానిని నలిపి మ్రింగెను.

వియ్యంకునకు మాత్రము కుదురు లేదు. కనుబొమ్మలెగరవేసెను. గడ్డముతో బండిని చూపెను. చేతితో ఎక్కుమని సైగ చేసెను. దర్జీ ఒక కన్ను తెరచి చూచి, బావగారికి కూడ మైమరపు కలిగెనని తలచి, ఔనౌనని తల ఊపి, మరల కన్ను మూసెను.

పెట్టెలు పోవుచుండెను. ఒక పెట్టె, ఇంకొక పెట్టె. చల్లగాలి మొగమునకు తగిలి దర్జీ కన్నులు తెరచుసరికి, ఎదుటికి వచ్చుచున్న కిటికీలో అతని భార్య ఉండెను.

అప్పుడు ఆ రెండు తెలివిడులు గదులనుండి వెలువడి ఒకదానినొకటి చూచుకొనెను.

ఎక్కవలెనన్న పరుగెత్తవలెను. పరుగెత్తినచో చెప్పులు టపటపమనును, మోకాళ్లు కటకటమనును, తలుపు కడనున్నవారు ‘ఎక్కు తాతా, చెయ్యివ్వు’ అని గగ్గోలు పెట్టుదురు. ఎక్కకున్నచో ఆలి ఒంటరిగా పోవును. బావమరది ఒంటికన్నుతో గుమ్మమువైపు చూచి బావ ఏడీ అని అడుగును. ఇటు పెద్దాయన, అటు పెండ్లాము. దర్జీ గుండెలో రెండు సైన్యములు ఢీకొనెను. దుమ్ము లేచెను. ఎవరు గెలిచిరో అతనికిని తెలియలేదు. కాళ్లు మాత్రము కదలలేదు.

ఆమె అతనిని చూచెను. అతని చేతిలోని సెల్లును చూచెను. నోరు తెరచెను.

వాగ్ధాటిలో ఆమెకు ఆ వీధిలో ఎదురు లేదు. కూరగాయల బండివాడు ఆమె గుమ్మము వచ్చుసరికి తానే ధర తగ్గించుకొనును. అట్టి నోరు, అట్టి సమయమున, సమస్తధర్మములును తనవైపే ఉండగా, తెరచుకొని, ఒక్క క్షణము అట్లే నిలిచి, మూసికొనెను. కొంగు తీసి పెదవులకు అదిమిపెట్టుకొనెను. రెండవ చేతి చూపుడువ్రేలు కిటికీ చువ్వల నడుమనుండి బయటకు చాచి, ‘మీ పని చెప్తా’ అన్నట్లు ఆడించెను. ఆ వ్రేలు అట్లే ఆడుచు, చిన్నదగుచు, మలుపు తిరిగెను.

తోకపెట్టె దాటెను. పట్టాల సణుగుడు కూడ అణగెను. దర్జీ వ్రేలు సెల్లుమీద మరల పడెను.

“మీరు ఆ బండిలో కదా వెళ్లాలి బావగారూ,” అనెను వియ్యంకుడు.

“అవును.”

“అరవచ్చుగా, ఆపేవారు.”

“మీరూ అరవలేదుగా.”

“మీరు రికార్డు చేసుకుంటున్నారు కదా. ఎలా అరుస్తాను?”

ఇరువురును సిమెంటుబల్లమీద కూర్చుండి మొదట వియ్యంకునిది వినిరి. కూత ఉన్నది, గర్జన ఉన్నది, కొక్కెముల ఢాంఢామ్ములు ముత్యములవలె ఉన్నవి. నడుమ, చెల్లెమ్మ పెట్టె సాగిపోవు తరుణమున, బొచ్చుమైకు గడ్డము ప్రక్కనే ఉండుటచేత, అతిస్పష్టముగా, జాలితో నిండిన ఒక ‘చ్చొచ్చొచ్చో’ వినబడెను. తానట్లు అన్నట్లు ఆ కాలచక్రరక్షకునకు అప్పటిదాక తెలియదు. డిప్పలు తీసి ఒడిలో పెట్టుకొనెను.

“ఎంగిలి పడింది,” అనెను.

పిమ్మట దర్జీది వినిరి. చప్పుడు కొంత గరగర. కాని ఆ ముసలి సెల్లుకు వెనుకనున్నవాని జాలి వినబడలేదు. మొదలునుండి తుదివరకు పెద్దాయన ఒక్కడే. వియ్యంకుడు మరల పెట్టుమనెను. రెండవసారి కూడ వినెను.

అంతట సెల్లు మోగెను.

“పట్టాలు సద్దుమణిగే దాకా ఆగి చేస్తున్నా,” అనెను భార్య. “ముందే చేస్తే అందులో మోగుతుందని. వచ్చిందా?”

“వచ్చింది.”

“ఎవరన్నా మాట్లాడారా అందులో?”

“ఎవరూ లేరు.”



“నేను మాట్లాడలేదు,” అనెను ఆమె.

“విన్నాను,” అనెను దర్జీ.

“సరే. మధ్యాహ్నం బండికి రండి. మా తమ్ముడడిగితే మీకు కడుపులో బాలేదని చెప్తా. గుమ్మంలోకి వచ్చేటప్పుడు కాస్త నీరసంగా నడవండి.”

“అలాగే.”

“నీరసంగా అన్నానని మరీ పడిపోకండి. మళ్లీ ఆ కన్నుతో వాడు లేవాలి.”

ఇట్లు ఆ ప్రాతఃకాలమున, శత్రుసేనలు తుమ్మక, మిత్రసేనలు అరవక, కత్తెరాయుధధరుడు, టేపుకంఠాభరణుడు, ఆ దర్జీ, తాను ఎక్కవలసిన బండి తనను విడిచి పోవు చప్పుడును మొదలునుండి తుదివరకు ఎంగిలి పడకుండ పట్టి, దిగ్విజయమందెను. వియ్యంకుడు లేచి, మూడుకాళ్ల స్తంభము మడిచి, పెండ్లినాడు కూడ అంత మర్యాద చేయనివాడు, రెండు చేతులును జోడించి అతనికి నమస్కరించెను. మైకులోని ఆడుగొంతు మధ్యాహ్నపు బండి ఆలస్యమని చెప్పెను.