పదడుగుల బదిలీ

ఆ ఉదయం టేపక్క తలపెట్టింది చాలా చిన్న పని. షెడ్డుకు వెళ్లగానే ఫోర్‌మన్‌ను పట్టుకుని, తనను లేత్ మెషీన్ మీదికి మార్చమని అడగాలి. పదిహేనేళ్లు బట్టలు కుట్టిన దుకాణం మూతపడితే, నలభై ఒకటో ఏట ఆమె ఈ మెషీన్ షాపులో కొత్తగా చేరింది. మెడలో టేపు వేసుకునే అలవాటు పోక, మొదటి వారంలోనే ఆ పేరు ఖాయమైంది.

తొమ్మిది నెలలుగా ఆమె చోటు ఒక ఇనప బల్ల. మెషీన్ల మీంచి దిగిన ముక్కల అంచులకు ఆకురాయి పట్టి గరుకు తీయడం ఆమె పని. ఆ బల్లకు పదడుగుల దూరంలో టర్నర్ నడిపే పెద్ద లేత్, ఉక్కు ముక్కను గిరగిరా తిప్పి చెక్కుతూ ఉండేది. ఉక్కు మీంచి నీలంగా మెలికలు తిరుగుతూ లేచే చివ్వను, ఆ పల్చటి చెక్కు పొరను చూస్తే, ఆమె చేతిలో ఆకురాయి దానంతటదే ఆగిపోయేది. భోజనాల వేళ టర్నర్ మనసు కరిగి మూలనున్న పాత లేత్‌లో తుక్కు ముక్క బిగించి ఇస్తే, ఆ పది నిమిషాల కోసం తిండి సగంలో వదిలేసి వచ్చేది. కలలో కూడా ఆమె చేతులు ఆ చక్రాలనే తిప్పేవి.

"గొణక్కు. గట్టిగా అడుగు. ఏదీ, నేనే మీ ఫోర్‌మన్ అనుకో," అన్నాడు భర్త, గడ్డం నిండా నురగతో.

"అయ్యా, తొమ్మిది నెలలైంది. ఆ బల్ల దగ్గర ఇంక ఉండలేను. లేత్ మీద వెయ్యండి."

"వేశాం, ఫో!" అన్నాడతను ఉదారంగా.

అసలు ఫోర్‌మన్‌తో వ్యవహారం అంత సుళువు కాదు. ఆయన చెవుల్లో దూది పెట్టుకుంటాడు. పైగా టేపక్క నోరు విప్పిన క్షణానే గ్రైండర్ కీచుమంది. ఆయనకు చేరినవి రెండే మాటలు: "ఇంక ఉండలేను."

ఆయన ముఖం వాడిపోయింది. "ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మీ ఇష్టమండీ. రేపట్నుంచైనా సరే."

"ఇంట్లో ఒప్పుకున్నారా?"

"ఆయనే పంపించారండీ."

"సరే, ఆఫీసుకెళ్లి కాయితం మీద సంతకం పెట్టు," అని నిట్టూర్చాడు.

గుమాస్తా వేలుపెట్టి చూపిన చోటల్లా టేపక్క సంతకం చేసింది. పైన ఏం రాసుందో చదివే ఓపిక ఆనందానికి ఎక్కడిది?

"ఇక మీ పనైపోయిందమ్మా," అన్నాడు గుమాస్తా.

"చల్లటి మాట చెప్పావు బాబూ!"

గుమాస్తా ఆశ్చర్యపోయాడు. ఉద్యోగం వదిలేస్తూ ఇంత నవ్విన మనిషిని అతను ఎరగడు. "ఎక్కడో మంచి చోటే దొరికినట్టుంది," అన్నాడు టర్నర్‌తో. టర్నర్ ఆ మాట ఫోర్‌మన్‌కు చేరవేసేసరికి, గోడ అవతలి పోటీ షెడ్డువాళ్లు టేపక్కను ఎగరేసుకుపోతున్నారు. ఫోర్‌మన్ నోటి నుంచి వచ్చేసరికి, టర్నర్ ఉద్యోగమిచ్చి మరీ ఎగరేసుకుపోతున్నారు.

"మాట మాత్రం చెప్పకుండా వెళ్లిపోతున్నావన్నమాట," అన్నాడు టర్నర్, మధ్యాహ్నం బల్ల దగ్గరికొచ్చి.

"వెళ్లడమేంటన్నా? రోజూ మీ కళ్లెదుటే ఉంటాగా."

టర్నర్ కిటికీలోంచి అవతలి షెడ్డు వైపు చూసి, దిగులుగా తలూపాడు.

సాయంత్రం మెషీన్లు ఆపి అందరినీ పిలిచారు. పదడుగులు జరగడానికి ఇంత హడావిడా అని టేపక్క సిగ్గుపడింది. "ఈమె ఆకురాయి పట్టిన అంచు పసిపిల్ల చేతికిచ్చినా గీసుకోదు," అన్నాడు ఫోర్‌మన్. తొమ్మిది నెలల్లో ఆయన ఒక్కసారి కూడా అనని మాట అది. ఆమెకు కళ్లు చెమర్చాయి. "అలాంటి మనిషి రేపట్నుంచి మన మధ్య ఉండదంటే..."

టేపక్క ఉలిక్కిపడి చుట్టూ చూసింది. తన బల్ల దగ్గర ఎవరో కొత్తమ్మాయి ఆకురాయి తిరగేసి పట్టుకుని నిలబడి ఉంది.

"నేనెక్కడికి పోతున్నానండీ?"

"పక్క షెడ్డుకి కదా?"

"పక్క షెడ్డేంటండీ, నేనడిగింది పక్క మెషీను!"

ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా మాత్రం నవ్వలేదు. "కాయితం పైకెళ్లిపోయింది. బల్ల దగ్గరికి కొత్త మనిషిని కూడా తీసుకున్నాం," అన్నాడు చిన్నగా.

టేపక్కకు మెషీన్ దక్కకపోతే పోయె, బల్ల కూడా పోయింది.

"పాత లేత్ ఖాళీగానే ఉంది కదండీ. ఒక్క ముక్క చేయించి చూడండి," అన్నాడు టర్నర్.

అందరూ మూగారు. టేపక్క ముక్క బిగించి చక్రం తిప్పింది. చివ్వ నీలంగా లేచింది. కాసేపటికి ఆమె మెషీన్ ఆపింది. టర్నర్ కొలిచి, "పావు మిల్లీమీటరు ఎక్కువుంది," అన్నాడు నీరసంగా.

"కావాలనే ఉంచానండీ. కుట్టుపని అలవాటు. ఎక్కువైతే కత్తిరించొచ్చు, తక్కువైతే అతకలేం."

చివరి కోత కోసింది. టర్నర్ రెండుసార్లు కొలిచాడు. సరిగ్గా సరిపోయిన ముక్కను ఫోర్‌మన్ చేతిలో పెట్టాడు. ఫోర్‌మన్ దాన్ని చాలాసేపు తిప్పి చూసి, చెవుల్లోంచి దూది తీశాడు.

"పొద్దున ఏమన్నావో ఇప్పుడు చెప్పు."

"లేత్ మీద వెయ్యమన్నానండీ," అంది టేపక్క.

"రేపు ఎనిమిదింటికి రా. టర్నర్ దగ్గర నేర్చుకో. ఆ కాయితం సంగతి నేను చూస్తాను."

వారం తిరిగేసరికి కొత్తమ్మాయి ఆకురాయి పక్కనపెట్టి, లేత్ వైపు ఆశగా చూడసాగింది. "అక్కా, ఇక్కణ్నుంచి అక్కడికి రావాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది.

"రాజీనామా," అంది టేపక్క, మెషీన్ ఆపకుండా.