తాతబ్బాయిగారి పుట్టుకకి సవరణ

కొత్తపేటలో జనార్దన్ మాస్టారు ఆ పొద్దున్న పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ తాగి, నాన్నగారి పుట్టినరోజు ఎప్పుడో తేల్చుకుని, పదకొండింటికల్లా అమలాపురం ప్రెస్సుకి ఆహ్వాన పత్రిక పంపించెయ్యాలి. నాన్నగారైన తాతబ్బాయిగారికి సహస్ర చంద్ర దర్శనం చేయిస్తున్నారు. వెయ్యి పున్నములు చూశారనాలంటే ఎప్పటినుంచి చూస్తున్నారో తెలియాలి కదా. ఆధార్ కార్డులో జూలై ఒకటి అని ఉంది గానీ అది నమ్మడానికి లేదు. తాతబ్బాయిగారిని బళ్ళో చేర్చుకున్న పంతులుగారు ఆ ఏడు చేరిన పిల్లలందరినీ జూలై ఒకటినే పుట్టించారు.

ఎవరో పుణ్యాత్ములు పాత జనన రిజిస్టర్ల సూచికని ఇంటర్నెట్‌లో పెట్టారని విని, మాస్టారు వాలుకుర్చీలో కూర్చుని ఫోను తెరిచారు. తాతబ్బాయి అని కొట్టారు. లేదు. మునసబు రాసుకునే నాటికి బిడ్డకి బారసాలే కాదు, పేరెక్కణ్ణుంచి వస్తుందని తట్టి, తాతగారి పేరు సత్తియ్య అని కొట్టారు. అదీ లేదు. చివరికి రాజోలు ఆడపడుచైన నాన్నమ్మ పేరు అచ్చాయమ్మ అని కొడితే ఒక్కటంటే ఒక్క వరుస వచ్చింది. 1944 నవంబరు పదకొండు. కొత్తపేట. మగబిడ్డ. తల్లి అచ్చాయమ్మ, పుట్టిల్లు రాజోలు. తండ్రి పోలయ్య.

మాస్టారు ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి కిందటేడే రిటైరయ్యారు గానీ, ఎర్రసిరా పెన్ను మాత్రం ఇంకా జేబులోనే ఉంది. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేరు. కిరాణా కొట్టు చీటీ అయినా, పెళ్ళి పత్రిక అయినా ఆయనకి ఒకటే. ఆ వరుస పక్కన ‘సవరణ కోరండి’ అన్న మీట కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. ‘తండ్రి పేరు తప్పు. పోలయ్య కాదు, సత్తియ్య’ అని రాసి, నాన్నగారి బడి సర్టిఫికెట్ ఫోటో తీసి జత చేసి, మీట నొక్కేశారు. మధ్యాహ్నంలోగా పరిశీలిస్తామని జవాబు కూడా వచ్చింది. అంతా అయ్యాక, అసలీ పోలయ్య ఎవరా అని ఆలోచించారు.

"దుర్గా, పోలయ్య అనేవాళ్ళు మన ఊళ్ళో ఎవరున్నారు?"

భార్య విజయదుర్గ వంటింట్లోంచి కొబ్బరికోరుతో సహా వచ్చింది. "ఇంకెవరండీ, మా తాతగారు. మా నాన్నకి నాన్న. పక్క వీధిలోనే కదా మా పుట్టిల్లు."

"మీ నాన్నమ్మ పేరు?"

"సూరమ్మ. ఏం?"

మాస్టారు ఫోను చేతికిచ్చారు. ఆవిడ రెండుసార్లు చదివింది.

"అంటే మావయ్యగారు మా నాన్నకి అన్నగారా? అయితే మీరు నాకు..."

మిగిలింది ఇద్దరికీ అర్థమైంది. పెదనాన్న కొడుకు. ముప్పయ్యారేళ్ళ కాపురం తరవాత ఆలుమగలు అన్నాచెల్లెళ్ళయి కూర్చున్నారు. విజయదుర్గ ఎందుకైనా మంచిదని వాలుకుర్చీ పక్కనున్న బల్ల ఆ చివరికి వెళ్ళి కూర్చుంది.

"మావయ్యగార్నే అడగరాదూ?"

"ఎనభయ్యేళ్ళు దాటిన మనిషిని పట్టుకుని, మీ నాన్న ఎవరని ఏ నోటితో అడగమంటావు?"

తనని ఒళ్ళో పెట్టుకుని గోరుముద్దలు తినిపించిన అచ్చాయమ్మ నాన్నమ్మ గురించి మాస్టారికి ఒక్క క్షణం ఏదేదో అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా అనుమానం మాత్రం పోలేదు.

"ఎవరితోనూ అనకు" అన్నారు. విజయదుర్గ ఎవరితోనూ అనలేదు, మండపేటలో ఉన్న తమ్ముడు ముత్యాలరాజుతో తప్ప. ముత్యాలరాజూ ఎవరితోనూ అనలేదు, పురోహితుడు వీరవెంకటసత్యనారాయణగారితో తప్ప. పావుగంటలో ఆయన ఫోను చేశారు.

"మాస్టారూ, సంకల్పంలో ఏ గోత్రం చెప్పమంటారండి? మీ గోత్రమా, మీ అత్తవారి గోత్రమా? ఇది తేలకుండా నేను పీట మీద కూర్చోలేనండి."

తొమ్మిదిన్నరకి ప్రెస్సు వాళ్ళు ఫోను చేసి, తేదీ సంగతి సరే, వెనక వేయమన్న వంశవృక్షం ఆపాలటగా అని అడిగారు. వాళ్ళకెవరు చెప్పారో మాస్టారు అడగలేదు. పదింటికి ముత్యాలరాజు మోటార్ సైకిల్ మీద దిగాడు. చంకలో బట్టల సంచీ ఉంది గానీ ఇవ్వలేదు.

"పుట్టింటి బట్టలని బావగారికి పంచెలచాపు తెచ్చేనండి. ఇప్పుడు చూస్తే మీరు అన్నయ్యగారయ్యేరు. అన్నయ్యకి నేను పెట్టడం ఏంటండి? ఆ లెక్కన అక్కకి చీర మీరే పెట్టాలి. ముప్పయ్యారేళ్ళవీ."

"వాడన్నదాంట్లో న్యాయం ఉందండి" అంది విజయదుర్గ బల్ల చివరినుంచి.

"నువ్వు కూడానా!" అన్నారు మాస్టారు. నిజంగానే ఆయన కళ్ళు చెమర్చాయి. వేడుక ఆగిపోతుంది, పరువు పోతుంది, పైగా భార్య బల్ల చివర కూర్చుంది. మూడిట్లో ఆ మూడోదే ఆయనకి ఎక్కువ బాధగా ఉంది.

ఈ గొడవకి పెరట్లో కొబ్బరాకులు చీలుస్తున్న తాతబ్బాయిగారు లోపలికొచ్చారు. "ఏంట్రా ఆ అరుపులు? ముత్యాలూ, ఎప్పుడొచ్చేవురా?"

ముత్యాలరాజే ఫోను అందుకుని అందులో ఉన్నది పైకి చదివాడు. తాతబ్బాయిగారు శ్రద్ధగా విన్నారు.

"ఆయ్, పోలయ్యే. అందులో తప్పేవుంది?"

మాస్టారు గోడకి చేరగిలబడ్డారు.

"మా అమ్మకి నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయేరురా. నేను పుట్టగానే, వీడైనా దక్కాలని, చేటలో పెట్టి పోలయ్య మావయ్యకి అమ్మేసింది. మానికెడు తవుడికి. పరాయివాళ్ళ బిడ్డయితే యముడు ఈ గుమ్మం ఎక్కడని. ఆయన కొన్నాడు, కొన్నవాడే మునసబు దగ్గరికెళ్ళి, తల్లి పేరు అలాగే ఉంచి, తన బిడ్డేనని రాయించేడు. చిత్రగుప్తుడు చూసుకునేది రిజిస్టరే కదా."

"మరి తిరిగి కొనుక్కోలేదా?" అంది విజయదుర్గ.

"కొంటే తెలిసిపోదూ? పాలు మా అమ్మ దగ్గర తాగేను, కాగితం మీద వాళ్ళింట్లో ఉన్నాను. తవుడు గేదె తినేసింది."

"మరి గోత్రమో?" అన్నారు మాస్టారు.

"తవుడికి గోత్రం మారుతుందేవిట్రా, లెక్కల మాస్టారివి!"

మాస్టారికి ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టి, మూడోవాణ్ణి చేటలో పెట్టి ఇచ్చేసిన నాన్నమ్మని తలుచుకుని మనసులోనే దండం పెట్టుకున్నారు. విజయదుర్గ బల్ల ఇవతలి చివరికి వచ్చేసింది. ముత్యాలరాజు సంచీ తీసి బావగారి ఒళ్ళో పెట్టాడు. పురోహితుడికి ఫోను చేసి, గోత్రం పాతదేనని చెప్పారు. నవంబరు పదకొండు నుంచి పున్నములు లెక్కేస్తే వెయ్యికి పైనే తేలాయి. పత్రిక ప్రెస్సుకి వెళ్ళింది. అంతా సుఖాంతమే.

అప్పుడు మాస్టారి ఫోను మోగింది. ఆయన సంతోషంగా పైకి చదివారు.

"మీరు కోరిన సవరణ పూర్తయింది. తండ్రి పేరు, సత్తియ్య."

తాతబ్బాయిగారి మొహం పాలిపోయింది. మెల్లగా కుర్చీ వెతుక్కుని కూలబడ్డారు.

"ఎవడు రాయమన్నాడ్రా నిన్ను? ఇన్నేళ్ళూ నా అడ్రసు దొరక్క తిరుగుతున్నాడు వాడు. కన్నకొడుకువై ఉండి ఇంటిపేరుతో సహా పంపించేవా?"

"నాన్నా, ఇది ఇంటర్నెట్టండి. యముడు చూడడు."

"అందరూ చూస్తున్నారంటావుగా రోజూ! వాడొక్కడే చూడడా? అమ్మాయ్, మంచినీళ్ళు. గుండెల్లో ఏదో అవుతోంది."

విజయదుర్గ నీళ్ళకి పరుగెత్తింది. ముత్యాలరాజు బీపీ మిషను తెచ్చి కడితే నూట ఎనభై చూపించింది. మాస్టారు మళ్ళీ ఫోను తీశారు. సరైన జవాబుని కొట్టేసి తప్పు జవాబు రాయమని అడగడం ఆయనకి జీవితంలో అదే మొదలు. ‘తండ్రి పేరు సత్తియ్య కాదు, పోలయ్య’ అని నింపారు. కింద, సవరణకి కారణం రాయమని ఇంకో గడి ఉంది. తండ్రి వంక చూశారు, గడి వంక చూశారు.

‘ఆరోగ్యరీత్యా’ అని రాశారు.