‘నిన్నటివి’ అనే కాగితం

ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లాలి, వచ్చేటప్పుడు సరుకులు తేవాలి. నిన్న తేవడం మరిచిపోయి భార్య చేత చివాట్లు తిన్నాడు. ఆమె చేతికందిన కాగితం మీద ‘నిన్నటివి’ అని పైన పెట్టి, జాబితా రాసి అతని జేబులో కుక్కింది.

"ఆ మెడనొప్పి కూడా డాక్టరుకి చూపించుకోండి. మూడు నెలలైంది, నాకు భయంగా ఉంది."

"కళ్లజోడు మారిస్తే అదే పోతుందిలే!"

అతని ఆఫీసులో అనేక దేశాల తిండి లెక్కలు పోగుచేస్తారు. ఎక్కడ తిండి చాలక జనం చిక్కిపోతున్నారో, ఎక్కడ ఎక్కువై గుండెజబ్బులు వస్తున్నాయో తేల్చడం వాళ్ల పని. ఆ రోజు సిబ్బంది వంతు. క్రితం రోజు తిన్నవన్నీ రాసివ్వాలి. ఆ పత్రాన్ని అక్కడందరూ ‘నిన్నటివి’ అనే అంటారు. అడగ్గానే గుమాస్తా జేబులోంచి కాగితం తీసి, చూడకుండానే ఇచ్చేశాడు. అందుకున్నావిడ పైన అతని పేరు రాసి కంప్యూటర్లోకి ఎక్కించింది.

పది నిమిషాల్లో డైరెక్టరమ్మ నుంచి పిలుపు వచ్చింది.

"ఉప్పు కిలో, పంచదార ఆరు కిలోలు, నూనె ఐదు లీటర్లు. నిజమేనా?"

ఇంటి సరుకుల సంగతి ఈమెకెలా తెలిసిందా అని గుమాస్తా గతుక్కుమన్నాడు.

"నిజమే మేడమ్. మా ఇంట్లో మామూలే."

"అన్నీ ఒకేసారా?"

"విడివిడిగా ఎందుకండీ! ఒక్కసారే కానిచ్చేస్తే హాయి."

"కష్టంగా ఉండదూ?"

"మెట్లెక్కేటప్పుడు కాస్త ఆయాసం, అంతే."

డైరెక్టరమ్మ జాబితాలో తర్వాతి వరుస మీద వేలు పెట్టింది. "సబ్బులు... నాలుగు?"

"సబ్బుల్లేకపోతే ఎలా మేడమ్? పరువు పోదూ!"

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. మనిషి ఒంటి మీద ఆమెకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు. వెంటనే ఆరు దేశాల శాస్త్రవేత్తలను కంప్యూటర్ తెర మీదికి పిలిచింది. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ఒక పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాడు. ఆఫీసు డాక్టరు రక్తపోటు యంత్రంతో పరుగున వచ్చాడు. ఇంతమంది ఇంత భక్తిగా చూస్తుంటే కాదనలేక, గుమాస్తా ఛాతీ విరుచుకుని చెయ్యి చాపాడు.

డాక్టరు ఒకసారి చూశాడు. మళ్లీ చూశాడు. "నూట ఎనభై! ముందు ఇంటికి ఫోన్ చేయండి."

భార్య పడుతూ లేస్తూ వచ్చి, కాగితం చూసి తల పట్టుకుంది. "అయ్యో, ఇవి మా ఇద్దరికీ నెల సరుకులండీ! నిన్నటివి అంటే నిన్న తేవాల్సినవి!"

గదంతా ఘొల్లుమంది. డాక్టరు మాత్రం నవ్వకుండా లెక్క కట్టాడు. "అలా చూసినా మనిషికి రోజుకి ఉప్పు దాదాపు పదిహేడు గ్రాములు. ఐదు దాటకూడదు. పంచదార వంద గ్రాములు! కూరగాయలు విడిగా కొంటారా?"

"ఎవరైనా వస్తే కొంటామండీ," అందామె మెల్లగా.

నవ్వులు ఆగిపోయాయి. ఇన్నేళ్లుగా ఇంత ఉప్పు, ఇంత తీపి భరించి, మెడనొప్పితో మాత్రమే మొరపెట్టుకున్న తన ఒంటి ఓపికకు గుమాస్తా నివ్వెరపోయాడు.

"సమయానికి దొరికారు. ఇవాళే మందులు మొదలుపెడదాం," అన్నాడు డాక్టరు.

"నేను చెబితే విన్నారా?" అంటూ భార్య కళ్లు తుడుచుకుంది.

"మీరూ చెయ్యి చాపండమ్మా."

"నాకేం నొప్పీ లేదండీ!"

ఆమెది నూట తొంభై.

ఆ సాయంత్రం దంపతులిద్దరూ తమ వీధిలో కూరగాయల దుకాణం ఎక్కడుందో ఎదురింటివాళ్లను అడిగి తెలుసుకున్నారు.