ఇద్దరు కలిస్తే ఒక ఆరోగ్యవంతుడు

దంపతుల వైకల్య మదింపు విభాగం వారు సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో ఉండే వసుధకు ఒక శుభవార్త పంపారు. పెళ్లయిన ముహూర్తం నుంచి ఆమెకు గానీ, ఆమె భర్తకు గానీ ఏ వైకల్యమూ లేదట.

వసుధకు పుట్టుకతోనే చూపు లేదు. భర్త తిరుమల్‌కు పోలియోతో కాళ్లు చచ్చుబడ్డాయి. ఇద్దరూ ఉద్యోగస్థులే. పెళ్లికి ముందు ఎవరి జీతం మీద వాళ్లకు పన్ను రాయితీ ఉండేది. ఆ మిగులుతో తిరుమల్‌కు బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ కొనాలని వసుధ ఎంత ముచ్చట పడిందో! ఇప్పుడు రాయితీ పోయింది, కుర్చీ కూడా పోయినట్టే.

లబోదిబోమంటూ ఆఫీసుకు పోయారు. అధికారి సత్యదేవ్ గారు దయామయులు. లిఫ్టు లేదు గనుక తామే మెట్లు దిగి వచ్చారు.

"చూడండమ్మా, ఆయనకు కళ్లున్నాయి, మీకు కాళ్లున్నాయి. కలిపితే ఒక సంపూర్ణ ఆరోగ్యవంతుడు. ఆరోగ్యవంతుడికి రాయితీ ఏమిటి?"

"గట్లైతే సార్, మా జీతాలు సుత ఒక్క మనిషివే అనుకోని పన్నెయ్యుండ్రి," అంది వసుధ.

"అబ్బే, జీతాలు రెండు. సంసారం వేరు, ఆదాయం వేరు."

సాక్ష్యం లేకుండా మాట్లాడే మనిషి కాదాయన. పెళ్లికి రుజువుగా వీళ్లిచ్చిన వీడియోలోనే కాలనీ సంఘం అధ్యక్షులు నరసరాజు గారు మైకు పట్టుకున్నారు: "ఈమె అతనికి కాళ్లు! అతను ఈమెకు కళ్లు! నేటితో వీరికి ఏ లోటూ లేదు!" హాలంతా చప్పట్లు. ఇంతమంది పెద్దలు తేల్చాక డాక్టరు సర్టిఫికెట్టు ఏ మూలకు? అయినా ఆ దీవెన ఉత్త మాటేనని అతిథుల్లో ఒక్కరు సంతకం చేసినా చాలు, రాయితీ తిరిగి ఇస్తానని సత్యదేవ్ గారు పెద్ద మనసు చేసుకున్నారు.

నరసరాజు గారింటికి మెట్లున్నాయి. తిరుమల్ వీధిలోనే ఆగాడు.

"ఎంత మాటమ్మా! మనస్ఫూర్తిగా దీవించానే, అబద్ధమని ఎలా రాస్తాను? కావాలంటే మళ్లీ దీవిస్తాను," అని దీవించి, కాఫీ ఇచ్చి పంపారు.

మిగతా ఇళ్లలోనూ అంతే. కాఫీలు అందాయి, కన్నీళ్లు కారాయి, దీవెనలు రెట్టింపయ్యాయి. సంతకం మాత్రం ఎవరూ చేయలేదు.

తిరుగుదారిలో వసుధ కుర్చీ తోస్తుంటే, "జెర ఆగు, ముందట గుంతుంది," అన్నాడు తిరుమల్.

"సంపూర్ణ ఆరోగ్యవంతునికి గుంతేం జేస్తదయ్యా!" అని వసుధ పకపకా నవ్వింది.

ఆ తరువాత వాళ్లు వీడియో మళ్లీ పెట్టుకున్నారు. తిరుమల్ ఒక్కో ముఖం చూసి పేరు చెబుతున్నాడు. వసుధ వింటోంది. ఇంకా అడగవలసినవారు ఒక్కరే మిగిలారు. మూడో వరుసలో, అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నది మీరే కదా? వస్తున్నారు, తలుపు తీయండి. కాఫీ అక్కర్లేదు.