పొరుగింటి పొట్టు

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. యుద్ధం పుణ్యమా అని కిరసనాయిలుకు కరువైతే, జొన్నచేలు మాడిపోయి చొప్పకూ కరువొచ్చింది. ఈపూరు పక్క పల్లెలో పున్నారావు ఆ ఉదయం చద్దన్నం తింటూ ఒక నిర్ణయానికి వచ్చాడు.

"పశువుల బేరగాడు మౌలాలీని మజ్జాన్నానికి తీసుకొస్తా. బర్రెను ఇచ్చేద్దాం. కంది పొట్టు గుట్టెడుంది గానీ, ఆ మారాణికి అది ఆనదు గదా!"

భార్య సుశీల ఒళ్లోని చంటిపిల్ల ఆ గేదె పాల మీదే బతుకుతోంది.

మగడు వెళ్లగానే పొట్టును కుడితిలో నానబెట్టి, ఉప్పు చల్లి గాడిలో పోసింది. గేదె వాసన చూసి, ఒక్క తుమ్ము తుమ్మి, పక్కింటి అంకమ్మ వాళ్ల దడిలోంచి మెడ చాచింది. అటువైపు ఓ విరిగిన చేట తప్ప ఏమీ లేదు. అయినా పొరుగిల్లు కదా!

సుశీల కాసేపు గేదెను చూసింది. అదే పొట్టును గంపకెత్తి, చుట్టూ తిరిగి వెళ్లి దడి అవతల పెట్టింది. గేదె అటూ ఇటూ చూసి, మెడ దూర్చి, గంప ఊడ్చేసింది.

సరిగ్గా అప్పుడే అంకమ్మ నీళ్ల బిందెతో వచ్చింది. "ఏమే సుశీలా! నీ బర్రె నా దొడ్లో మేస్తంటే గుడ్లప్పగించి చూస్తన్నావా?"

"మా పొట్టే అత్తా..." సుశీల గొణిగింది. గట్టిగా చెబితే గేదె వింటుందేమోనని భయం.

"మీదయితే మా దొడ్లో ఎందుకుంటదే?"

ఉన్నమాట చెబితే పిచ్చిదంటారు. అంకమ్మ నష్టం కింద రెండు గంపల పొట్టు పట్టుకుపోయింది.

పొద్దున ఎవరూ కన్నెత్తి చూడని పొట్టుకు, నష్టపరిహారం అయ్యేసరికి విలువ వచ్చింది. "మొన్న మా శనక్కట్టె తిన్నదీ ఇదేగా," అంటూ వెనకింటి బసవపున్నయ్య వచ్చాడు. "మా మేకల ఆకు కూడా," అంది హజ్రా బీ. ఆ గేదె ఎన్నడూ చూడని ఇళ్లవాళ్లు కూడా గంపలు తెచ్చుకున్నారు. మధ్యాహ్నానికి గుట్ట ఉన్నచోట దుమ్ము మిగిలింది.

పున్నారావు మౌలాలీతో వచ్చేసరికి గేదె మళ్లీ దడిలో మెడ పెట్టి నములుతోంది. తన ఆవు ముట్టని పొట్టును అంకమ్మ విసుగుతో దడి పక్కనే పారబోసింది మరి.

"ఏంది పున్నారావ్, పొట్టు తినదన్నావే?" మౌలాలీ నోరెళ్లబెట్టాడు. "ఇంత ఆబగా తినే బర్రెను కరువులో అమ్మేవోణ్ణి నిన్నే చూశా. తాడియ్యి!"

పున్నారావు తాడు బిగించి పట్టుకున్నాడు. "తింటదని తెలిస్తే నేనెందుకమ్ముతా బాబాయ్? నువ్వు పోయిరా."

మౌలాలీ తన నోటిని తానే తిట్టుకుంటూ వెళ్లాడు. పున్నారావు సంబరంగా పొట్టు గుట్ట వైపు నడిచి నిలబడిపోయాడు.

"పొట్టేదే?"

"అందరి దొడ్లల్లో ఉంది."

"ఓసి నీ... మరి దీనికేం పెడతావు?"

"ఏం పెట్టొద్దు," అంది సుశీల పిల్లను ఎత్తుకుంటూ. "తాడు కాస్త పొడుగ్గా కట్టు."

అంకమ్మ ఆవు అప్పటికే బసవపున్నయ్య దడిలో మెడ దూర్చింది. మళ్లీ వానలు పడేదాకా ఆ వీధిలో ఏ పశువూ సొంత గాడిలో తినలేదు. ఒక్కటీ సంతకు పోలేదు.